పెట్టెల్లో దిగిన చర్చి

నేను ఇంగ్లండు చూడలేదు. అయినా అక్కడి ఒక పల్లెటూరి చర్చిలో ఏ బల్ల మీద ఎండ పడేదో, ఏ బల్ల వెనక పిల్లలు చాకులతో గీతలు గీసేవారో, పాదిరీ గారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఏ చెయ్యి ఎక్కడ ఆనించేవారో చెప్పగలను. ఈ మాటకు నన్నెరిగినవాళ్లు నవ్వుతారు. నేను చెప్పినదాంట్లో సగం తీసేసి వినడం మా ఇంట్లో అందరికీ అలవాటు. దీన్ని మాత్రం ఏమీ తీసేయకుండా వినండి. ఒకటి రెండు చోట్ల చెయ్యి జారి కొంచెం ఎక్కువ పడితే అది కథ రుచి కోసం వేసిన ఉప్పు అనుకోండి.

డెబ్బయ్యో దశకం చివరి మాట. అప్పుడు అబూదాబీ ఊరి బయట మఫ్రఖ్ క్యాంపులో ఉండేవాణ్ణి. జగిత్యాల అవతల మా ఊరు. మాది కర్రపని ఇల్లు. కర్రపని అనగానే గొప్పగా ఊహించుకోకండి. నాగళ్లు, కాడిమాన్లు, మంచపు కోళ్లు, ఏడాదికో తలుపు, అంతే. బొంబాయి ఏజెంటు నా కాగితాల మీద 'లేబర్' అని రాయించి విమానం ఎక్కించేశాడు. దిగింది మొదలు సిమెంటు బస్తాలు మోయడం, ఫోర్‌మన్ 'యల్లా' అంటే పరుగెత్తడం. పది నెలల్లో నా చేతికి ఉలి తగల్లేదు. బాడిసె కోసం కలలు కనేవాణ్ణి అంటే నమ్ముతారా? నమ్మండి, అది నిజమే.

ఒక చలికాలం ఉదయం మా మలయాళీ ఫోర్‌మన్ మెస్సులోకి వచ్చి, పాత కర్రసామాను బిగించే పని ఉంది, మంచి పనివాడు ఎవడైనా ఉన్నాడా అని హిందీలో అడిగాడు. నేను రొట్టె ముక్క నోట్లో ఉండగానే లేచాను.

"మా తాత నూటొక్క గుళ్లకు తలుపులు చెక్కిండు సాబ్. రథాలకైతే లెక్కే లేదు. ఒక రథం ఇప్పటికీ ఎవ్వలు గుంజకున్నా దానంతట అదే వీధి తిరిగొస్తది" అని నాకొచ్చిన హిందీలో చెప్పాను.

ఫోర్‌మన్ నన్ను కిందికీ మీదికీ చూశాడు. "రథం సంగతి నాకొద్దు. ఇది బడా సాబ్ సొంత పని. బాగా చేశావా, నీ కార్డు మీద కార్పెంటర్ అని మార్పిస్తాను. చెడగొట్టావా, మరునాడే ఉమ్ అల్ క్వైన్ సిమెంటు సైటుకు లారీ ఎక్కుతావు. ఖలాస్" అన్నాడు.

నా బతుకంతా ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చి నిలబడింది. కార్పెంటర్ అని పడితే చేతికి పనిముట్లు వస్తాయి, నీడపట్టున పని దొరుకుతుంది. అన్నిటికంటే ముందు, ఇంటికి రాసే ఉత్తరంలో నేనేం పని చేస్తున్నానో దాచకుండా రాయొచ్చు. అప్పటికి పది నెలలుగా, షేకు గారి కోటకు తలుపులు చెక్కుతున్నానని రాస్తున్నాను మరి.

మరునాడు పికప్‌లో నాతో పాటు కడప వైపు నుంచి వచ్చిన ఒక ముస్లిం మేస్త్రీ ఎక్కాడు. రాతిపని ఆయనది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, అందుకే చాచా అనేవాణ్ణి. వెనక నలుగురు హెల్పర్లు, అందరూ మా కరీంనగరం వైపు వాళ్లే. సముద్రం పక్కన ఇంగ్లీషువాళ్లు కొత్తగా కట్టుకున్న చర్చి దగ్గర దించారు. చర్చి అంటే శిఖరం, గంట ఉంటాయనుకున్నాను. చూస్తే పొడుగాటి గోదాము. నాలుగు గోడలు, రెండు పొడుగు గోడలకూ కిటికీలు, ఆ రెండు గోడల మధ్యలో ఎదురెదురుగా రెండు తలుపులు: ఒకటి ఉత్తరాన సముద్రం వైపు, ఒకటి దక్షిణాన రోడ్డు వైపు. లోపల నేల తప్ప ఏమీ లేదు. బయట మాత్రం ఏనుగు పిల్లలంత చెక్క పెట్టెలు ముప్పై దాకా ఉన్నాయి.

బడా సాబ్ అంటే అరవై దాటిన ఇంగ్లీషు ఇంజినీరు. ఎండకు ఎర్రబడిన ముక్కు, మోకాళ్ల దాకా నిక్కరు, సైటు హిందీ. ఆయన పెట్టెల మీద చెయ్యి వేసి చెప్పింది ఇది: ఆయన పుట్టిన పల్లెలో ఐదువందల ఏళ్ల చర్చి ఒకటి ఉండేది. పల్లెలో మనుషులు తగ్గిపోయారు, కప్పు కురవసాగింది, తలుపుకు తాళం పడింది. లోపలి కర్రసామాను పారేస్తుంటే ఈయన వెళ్లి అడిగి తెచ్చుకున్నాడు. బల్లలు, ప్రసంగపు మెట్ల గద్దె, వేదిక, దాని ముందర అడ్డుగా ఉండే కఠడా, అన్నీ ఓడెక్కించాడు. పెట్టెల మీద నంబర్లు సుద్దతో రాశారు. ఓడలో తేమకు అవన్నీ చెరిగిపోయాయి.

"ఫ్రైడే ప్రేయర్" అన్నాడు. అంటే వచ్చే శుక్రవారం మొదటి ప్రార్థన. ఆ దేశంలో శుక్రవారమే సెలవు కాబట్టి చర్చికి కూడా అదే రోజు. ఆ రోజు శనివారం. తర్వాత ఆయన చేత్తో గీసిన కాగితం ఒకటి ఇచ్చాడు. అందులో రెండు తలుపులు, ఒక కొసన వేదిక, దాని ముందు ఎడమన పన్నెండు బల్లలు, కుడిన పన్నెండు. కుడివైపు మూడో బల్ల గోడ పక్క కొస మీద వేలు పెట్టి, "మేరా మా" అన్నాడు. వాళ్లమ్మ నలభై ఏళ్లు ఆ కిటికీ పక్కనే కూర్చుందట. శుక్రవారం ఆయన అక్కడ కూర్చోవాలట.

ఆ మధ్యాహ్నమే కబురొచ్చింది. రాతి తొట్టి ఉన్న పెట్టె, చిన్నపిల్లలకు నీళ్లు చల్లి పేరు పెట్టే తొట్టి, వేరే ఓడలో ఖోర్ ఫక్కాన్‌లో దిగిందట. కొండలు దాటి అవతలి తీరానికి పోవాలి. సాబ్ బుధవారం వస్తానని చెప్పి జీపెక్కి వెళ్లిపోయాడు. నంబర్లు లేని చర్చి ఒకటి నా చేతిలో మిగిలింది.

పెట్టెలు విప్పుతుంటే వచ్చిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మైనం, తడి మన్ను, పాత దుప్పటి, వీటన్నిటి కింద పులిసిన చింతపండు లాంటి ఒక ఘాటు. అది ఓక్ కర్ర వాసన. మన టేకుకు పెద్దనాన్న అనుకోండి. ఉలి పెడితే ఉలినే విసుక్కుంటుంది. ఆరుగురం కలిసి ఒక్కో బల్లను లోపలికి మోశాం. చెప్పులు గుమ్మం బయటే విడిచాం. చర్చి గదా! రెండో ట్రిప్పులో ఒక హెల్పర్‌ అరికాల్లో మేకు దిగాక చెప్పులు వేసుకున్నాం. దేవుడు మన్నించాడనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ తర్వాత ఎవరికీ ఏమీ గుచ్చుకోలేదు.

నల్ల పలక ఒకటి బయటపడింది. దానికి గాడులు, గాడుల్లో జరిపే అంకెల ముక్కలు.

"అన్నా, గిది మట్కా నంబర్ల పలక గదనే?" అన్నాడొక హెల్పర్.

"మరి? దొరలు దేవుని ముంగటనే ఓపెన్, క్లోజ్ తీస్తరు. మోసం ఉండది" అన్నాను నేను గంభీరంగా. నలుగురూ ఆ అంకెలు రాసుకున్నారు. అవి వాళ్లు పాడే పాటల నంబర్లని నాకు తర్వాత తెలిసింది. ఆ అంకెలకు బొంబాయిలో ఒకడికి నిజంగానే మట్కా తగిలిందని కూడా నేను చాలాకాలం చెప్పాను. దాన్ని మీరు తీసేసి వినొచ్చు.

బల్లల కొసల మీద చెక్కడాలున్నాయి. ఆకులు, కాయలు, రెండు తోకల చేప. ఒకదాని మీద నక్క. ఆ నక్క పాదిరీ అంగీ తొడుక్కుని గద్దెక్కి నిలబడింది. కింద బాతులు మెడలెత్తి భక్తిగా వింటున్నాయి. నక్క వెనక సంచిలోంచి ఒక బాతు తల బయటికి వేలాడుతోంది.

చాచా దాన్ని అరచేత్తో తుడిచి చాలాసేపు చూశాడు. "ఇది సెక్కినోడు నీకు యాడో సుట్టమైతాడు రా అబ్బీ" అన్నాడు.

"ఎందుకే చాచా?"

"తిండి పెట్టినోళ్ల ఇంట్లోనే వాళ్ల మీద కత అల్లినాడు సూడు. ఐదొందల ఏండ్లయినా ఎవురూ పీకి పారెయ్యలా. నీ కతలు ఐదు దినాలు నిలిస్తే అదే శానా."

నవ్వుకున్నాం గానీ, ఆ చెక్కడం ముందు నాకు భయం వేసింది. అంత నున్నగా వంపు తీయడం నాకు చేతకాదు. నాకు చేతనైంది ఒకటే. అరిగిన కర్రను చూసి అది ఎలా అరిగిందో చెప్పడం. కాడిమాను చూస్తే ఎడమ ఎద్దు బలమైందా కుడి ఎద్దు బలమైందా చెప్పగలను. నాగలి మేడి పట్టు చూస్తే దున్నేవాడు పొట్టివాడో పొడుగువాడో చెప్పగలను. నంబర్లు లేని బల్లలకు ఈ విద్యే పనికొచ్చింది.

ముందు వరస ఏదో, వెనక వరస ఏదో మొదట తేలింది. కొన్ని బల్లలు కొత్తవాటిలా ఉన్నాయి, కొన్నింటికి కూర్చునేచోట గుంటలు పడ్డాయి. కొత్తగా ఉన్నవి ముందువి. ఎక్కడి మనిషికైనా దేవుడి ఎదురుగా కూర్చోవాలంటే మొహమాటమే. బాగా అరిగినవి, వీపు చెక్కల నిండా చాకు గీతలు, ఓడ బొమ్మలు, గళ్ల ఆటలు ఉన్నవి ఆఖరి వరసలు. చాచా ఒక గీత మీద గోరు పెట్టి, "వీడు పట్టుబడినాడు, సగంలో ఆపేసినాడు" అన్నాడు. నిజమే, ఓడకు తెరచాప లేదు.

ఇక ఎడమ ఏదో, కుడి ఏదో తేలాలి. అది నేను కనిపెట్టినప్పుడు నా వీపు నేనే తట్టుకున్నాను. ఇరవైనాలుగు బల్లల్లో సరిగ్గా పన్నెండింటికి, కూర్చున్న మనిషి కుడిచేతి వైపు కొస వెలిసిపోయి గడ్డి రంగుకు వచ్చింది. మిగతా పన్నెండూ రెండు కొసలా నల్లగా ఉన్నాయి. అంటే వెలిసినవి కుడి గోడ పక్కవి, ఏళ్ల తరబడి ఎండ తగిలినవి. "సూసినవా చాచా! కర్ర మాట్లాడుతది, ఇనేటోడుండాలె" అన్నాను. ఆయన కూడా తల ఊపాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

సాబ్ కాగితంలో దిక్కులు లేవు. హాలేమో ఏ కొస నుంచి చూసినా ఒకటే. వేదిక తూర్పు కొసన పెట్టాలా, పడమటి కొసనా? నాకు అనుమానమే రాలేదు. మన ఏ గుడికైనా వెళ్లండి. గర్భగుడి పడమట, స్వామి తూర్పు ముఖం. పొద్దున్నే సూర్యుడి మొదటి వెలుగు స్వామి మీద పడాలి. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"అబ్బీ, ఒక్క మాట. మేము మసీదు కట్టేటప్పుడు దిక్కు తేల్చకుండా ఒక్క రాయి గూడా పెట్టము. ఎవుర్నన్నా అడుగు" అన్నాడు చాచా.

"ఎవరినడుగుతవే? సాబ్ కొండల్ల ఉన్నడు."

"సాబ్ లేకుంటే ఫోర్‌మన్నడుగు. వాడు కేరళోడు, వాళ్లూళ్లో శానా సర్చీలుండాయి."

ఫోర్‌మన్‌ను అడిగితే నూటొక్క గుళ్ల తాత ఏమైపోతాడు? "ఏ దేవుడైనా తూర్పే సూస్తడు చాచా. మా తాత పడమర ముఖం పెట్టిన గుడి ఒక్కటే. ఆ ఊర్ల కోళ్లు సాయంత్రం కూసేటియి" అన్నాను. హెల్పర్లు నవ్వారు. నవ్వు వచ్చినచోట వాదన ఉండదు, అదే నా బలం. చాచా గొణుక్కుంటూ తాపీ అందుకున్నాడు.

ఆది, సోమవారాలు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాం. పడమటి కొసన వేదిక, దాని ముందు కఠడా, పక్కన ప్రసంగపు గద్దె. గద్దె అంచు మీద ఒకేచోట అరచేయంత మెరుపు ఉంది. ఎందరు పాదిరీలు మారినా చెయ్యి ఆనించిన చోటు మాత్రం మారలేదు. బల్లలన్నీ పడమటికి తిప్పి, కాళ్ల కింద పట్టీలు వేసి, నేలకు మరలు బిగించాం. ఎంత గట్టిగా అంటే తుఫాను వచ్చి హాలు ఎగిరిపోయినా బల్లలు మాత్రం అబూదాబీలోనే ఉంటాయి.

మంగళవారం మధ్యాహ్నం అన్నాల వేళ. చలికాలం గనక ఎండ ఏటవాలుగా దక్షిణపు కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. పప్పూ రొట్టే ముందు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని నా పని నేనే మెచ్చుకుంటున్నాను. ఎండ చక్కగా వెళ్లి గోడ పక్క బల్లల కొసల మీద పడింది. నల్లటి కొసల మీద.

రొట్టె నోట్లోనే ఉండిపోయింది. వెలిసిన కొసలు అవతల, ఉత్తరపు గోడ పక్కన, ఏ కాలంలోనూ ఎండ రాని చోట చల్లగా ఉన్నాయి.

లేచి వెళ్లి ఒక వెలిసిన బల్ల మీద కూర్చున్నాను. ఎండ నా కుడిచేతి వైపు పడాలంటే నా కుడిచెయ్యి దక్షిణానికి ఉండాలి. అంటే నేను తూర్పుకు తిరిగి కూర్చోవాలి. అంటే వేదిక తూర్పున ఉండాలి. చర్చి మొత్తం తలకిందులు.

చాచా వచ్చి పక్కన కూర్చున్నాడు. నా చూపు వెంట చూశాడు. ఆయనకూ అర్థమైంది. కోప్పడతాడనుకున్నాను. ఆయన మెల్లగా అన్నాడు: "మీ గుడిలో సామి యాడికి సూస్తాడో అది దిక్కు. మేము నమాజు సేసేటప్పుడు మనిషి యాడికి తిరగల్లో అదే దిక్కు. వీళ్లూ మా మాదిరే ఉండారు అబ్బీ. తూరుపుకు తిరగాల్సింది మనుషులు."

"ఇప్పుడేం జెయ్యాలె చాచా?"

"ఏం సేస్తావు? నిజం సెప్తావు."

"నిజం జెప్తే ఉమ్ అల్ క్వైన్."

నా బుర్ర ఊరికే ఉండే రకం కాదు. ఫ్లాస్కులో సులైమానీ ఉంది. పాలు లేని చిక్కటి టీ. గుడ్డ ముంచి వెలిసిన కొస ఒకటి తుడిచాను. ఓక్ కర్ర టీ తాగి అప్పటికప్పుడు ముదురు రంగుకు తిరిగింది. పన్నెండు కొసలకూ పూస్తే వెలిసిందీ వెలవనిదీ ఒకటే. తూర్పా పడమరా అని చెప్పడానికి సాక్షి ఉండడు. సాబ్ దిక్కు అడిగితే, ఈ దేశంలో సముద్రపు గాలికి వేదిక తూర్పున పెడితే దీపాలు నిలవవని చెప్పేయొచ్చు. నాలుక మీద అప్పటికే మూడు కథలు క్యూ కట్టాయి.

చాచా లేచి నా వెనక నిలబడ్డాడు. "ఏం పూస్తాండావు?"

"రంగు సరిజేస్తున్న."

"కర్రకు కాదు రా, ఆ ముసిలాయన కండ్లకు పూస్తాండావు."

ఆ మాటకు చూసుకున్నాను. నేను తుడుస్తున్నది మూడో బల్ల. ఆ కొస మీద పైఅంచున బొటనవేలు పట్టేంత నునుపు గుంట ఒకటి ఉంది. మొదట్లో అది పాత దెబ్బేమో అనుకున్నాను. కూర్చుని చెయ్యి వేసి చూస్తే బొటనవేలు సరిగ్గా అక్కడికే పోయింది. నలభై ఏళ్లు ఒక మనిషి లేచేటప్పుడల్లా అక్కడే పట్టుకుని లేచింది. నా చేతికి ఆ గుంట చిన్నది. ఆడమనిషి వేలు.

నాగళ్లు చేసినవాణ్ణి. మనిషి పట్టు పడిన కర్రను అబద్ధం చెప్పించడం నాకు చేతకాలేదు. తడిగుడ్డతో ఆ టీ మరకను తుడిచేశాను. పూర్తిగా పోలేదు. కొంచెం మిగిలింది.

అప్పుడే బయట హారన్ వినిపించింది. బుధవారం వస్తానన్న సాబ్ ఒక రోజు ముందే, వెనక లారీలో రాతి తొట్టితో దిగాడు. ఫోర్‌మన్ కూడా వెంట ఉన్నాడు.

సాబ్ లోపలికి వచ్చి టోపీ తీశాడు. బల్లలన్నీ చూసి మొహం విప్పారింది. నక్కను చూసి నవ్వాడు. గద్దె అంచు మీది మెరుపును తడిమాడు. తర్వాత సరాసరి మూడో బల్ల దగ్గరికి వెళ్లి గోడ పక్కన కూర్చున్నాడు. కిటికీ వైపు చూశాడు. మళ్లీ చూశాడు. ఏదో వెతుక్కుంటున్నవాడిలా చెయ్యి చాపి గాలిలో పెట్టాడు. ఆ చేతి మీద ఎండ లేదు.

"కుఛ్ గల్తీ హై" అన్నాడు మెల్లగా. ఏదో తప్పుంది, ఏమిటో తెలియడం లేదన్నట్టు.

నా నాలుక మీది మూడు కథలూ ముందుకు తోసుకొచ్చాయి. నోరు తెరిచాను. వచ్చింది మాత్రం వేరే. "సాబ్, తప్పు నాది. చర్చి ఉల్టా పెట్టిన" అన్నాను. అక్కడి నుంచి ఆపుకోలేకపోయాను. మా గుళ్లలో స్వామి తూర్పు చూస్తాడని, అందుకే ఇలా పెట్టానని, చాచా అడగమన్నా అడగలేదని, మా తాత ఒక్క గుడి తలుపూ చెక్కలేదని, నాగళ్లు, కాడిమాన్లు తప్ప నాకేమీ రాదని, ఈ మరక టీ మరక అని. హిందీ అయిపోయినచోట తెలుగులో, తెలుగు సరిపోనిచోట చేతులతో చెప్పాను.

ఫోర్‌మన్‌కు ఒళ్లు మండిపోయింది. "సాలా ఝూటా! రేపే ఉమ్ అల్ క్వైన్!"

సాబ్ చెయ్యి ఎత్తి ఆపాడు. "ఉల్టా అని నీకెలా తెలిసింది?" అని అడిగాడు నన్ను.

వెలిసిన కొసలు చూపించాను. దక్షిణపు ఎండ చూపించాను. ముందు వరసల కొత్తదనం, వెనక వరసల ఓడలు చూపించాను. చివరికి మూడో బల్ల పైఅంచున ఉన్న గుంట చూపించి, "ఇక్కడ అమ్మ చెయ్యి" అన్నాను.

ఆయన తన బొటనవేలు అందులో పెట్టాడు. పట్టలేదు. చిటికెనవేలు పెట్టి చూశాడు. చిన్నప్పటి నుంచి అదే బల్ల మీద కూర్చున్న మనిషి, ఆ గుంటను అప్పటిదాకా చూడలేదట. చాలాసేపు తల ఎత్తలేదు.

"కిత్నా దిన్?" అన్నాడు చివరికి. తిప్పడానికి ఎన్ని రోజులు?

ఈసారి లెక్క పెంచలేదు, తగ్గించలేదు. మరలు ఎంత గట్టిగా బిగించానో నాకు తెలుసు. "రెండు రోజులు. ఆరుగురం చాలం. ఇంకా మనుషులు కావాలె."

సాబ్ లేచి చొక్కా చేతులు పైకి మడిచి, నా పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని మొదటి బల్ల కింద మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫోర్‌మన్ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. "సాబ్, వీడు అబద్ధాలకోరు." సాబ్ కింది నుంచే, "మాలూమ్. లేకిన్ లక్డీ పఢ్తా హై" అన్నాడు. తెలుసు, కానీ కర్ర చదువుతాడు.

బుధవారం పొద్దుగూకేసరికి వేదిక, కఠడా, గద్దె తూర్పుకు చేరాయి. బల్లలు సగం దాకా తిరిగాయి. గురువారం సగం రోజు సెలవు. మధ్యాహ్నం బట్టలు ఉతుక్కుని, నిద్రపోయి, ఇంటికి ఉత్తరాలు రాసుకునే పూట అది. ఆ పూట మా క్యాంపు నుంచి పద్దెనిమిది మంది లారీలో దిగారు. చాచా తీసుకొచ్చాడు. ఏం చెప్పి తెచ్చావని అడిగితే, "నువ్వు సర్చీని ఉల్టా బిగించినావని సెప్పినా. సూడాలని అందరూ ఎగబడి వచ్చినారు" అన్నాడు.

వాళ్లు నన్ను ఊరికే వదిలారా? "ఏమన్నా, మీ తాత గుళ్లు గిట్లనే కట్టిండా?" అని ఒకడు. "అందుకే ఆ రథం దానంతట అది తిరుగుతదట, ఎటు పోవాల్నో తెల్వక!" అని ఇంకొకడు. తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఒక్కో బల్లనూ నలుగురు భుజాల మీదికి ఎత్తుకుని గిర్రున తిప్పారు. పెళ్లి పల్లకీ మోసినట్టు "హోయ్" అని అరిచారు. మసీదు నుంచి సాయంత్రపు నమాజుకు పిలిచే అసర్ అజాన్ వినిపించేసరికి ఆఖరి మర బిగిసింది. చాచా వెళ్లి నమాజు చేసుకుని వచ్చాడు. వచ్చి హాలు మొత్తం ఒకసారి చూసి, "ఇప్పుడు నిలబడింది" అన్నాడు, అంతే.

శుక్రవారం మమ్మల్ని రమ్మన్నారు. లోపలికి వెళ్లడానికి మొహమాటపడి రోడ్డు వైపు తలుపు దగ్గర నిలబడ్డాం. ఇంగ్లీషువాళ్లు, మలయాళీలు, గోవా వాళ్లు బల్లల నిండా ఉన్నారు. ముందు రెండు వరసలూ ఖాళీ. నల్ల పలక మీద అంకెలు మారాయి, మా హెల్పర్లు మళ్లీ రాసుకున్నారు. పాట మొదలైంది. దక్షిణపు ఎండ మూడో బల్ల కొస మీద, సాబ్ చేతి మీద పడింది. ఆయన పాడటం ఆపేశాడు. పుస్తకం తెరిచే ఉంది, పెదాలు మాత్రం కదలలేదు. దగ్గరగా చూసి ఉంటే టీ మరక కూడా కనిపించేది. ఆయన దాన్ని తీయించలేదు.

శనివారం నాకు లారీ రాలేదు. సాబ్ వచ్చాడు. రాతి తొట్టికి ఉండాల్సిన కర్రమూత దారిలో పగిలిందట. పెట్టెల అడుగున మిగిలిన పాత ఓక్ పలకలు నా ముందు పెట్టి, కొత్తది చెయ్యమన్నాడు. ఎంత మందం, చుట్టూ అంచు ఎలా, పిడి మధ్యలోనా పక్కనా, ఎత్తేది మగవాళ్లా ఆడవాళ్లా, నీళ్లు తగులుతాయా, పై ముఖం ఏ దిక్కుకు అని వరసగా అడిగాను. ఆరో ప్రశ్నకు సాబ్ నవ్వడం మొదలుపెట్టాడు, పదో ప్రశ్నకు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.

నాలుగు రోజులు పట్టింది. ఓక్ కర్రలో ఒక గుణం ఉంది. ఇనుము, చెమట తగిలితే నీలి నలుపు వదులుతుంది. ఉలి పట్టిన నా వేళ్లు, అరచేతులు సిరాలో ముంచినట్టయ్యాయి. సబ్బుకు పోలేదు, ఇసుకకు పోలేదు. నా చేతులు అలా ఉండగానే, సాబ్ చెప్పాడని కంపెనీ మనిషి నన్ను కార్డు మార్పించడానికి లేబర్ ఆఫీసుకు తీసుకెళ్లాడు. అద్దాల వెనక కూర్చున్న అరబ్బు గుమాస్తా నా పాత కార్డు చూశాడు. నేను నోరు తెరవబోతుంటే, కాగితం కోసం నేను చాపిన చెయ్యి చూశాడు.

"నజ్జార్?" అన్నాడు. అరబ్బీలో వడ్రంగి అని.

తల ఊపాను. ఆయన ఇంకేమీ అడగకుండా ముద్ర వేశాడు.